పొద్దున ఆన్ చేయగానే కీబోర్డు, మౌసు పనిచేయడం లేదా? బోర్డు మార్చే ముందు ఇది చదవండి

మీ సమస్య నాకు ఎలా అర్థమైందో ముందు రాస్తాను, తేడా ఉంటే సరిచేయండి. నాలుగేళ్ల కింద అసెంబుల్ చేయించిన డెస్క్‌టాప్, విండోస్ 10. రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ దాకా వస్తుంది, అక్కడ కీబోర్డూ మౌసూ రెండూ పనిచేయవు, ప్రింటర్ కూడా కనపడదు. వెనక నుంచి పీకి మళ్లీ పెడితే ఒక్కోసారి వస్తాయి, ఒక్కోసారి రావు. విసుగొచ్చి పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే మాత్రం అన్నీ మామూలుగా పనిచేస్తాయి, ఇక ఆ రోజంతా ఏ ఇబ్బందీ ఉండదు. షాపులో చూపిస్తే యూఎస్‌బీ కంట్రోలర్ (యూఎస్‌బీ పోర్టులను నడిపే చిప్పు) పోయింది, మదర్‌బోర్డు మార్చాలి, లేదంటే ముందు ఫార్మాట్ కొట్టి చూద్దాం అన్నారు.

రెండూ ఇప్పుడే వద్దు. ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను, అందులో చాలా ఏళ్లు సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో రిపేరు బల్ల ముందే గడిచాయి. ఈ లక్షణంతో నా దగ్గరికి వచ్చిన మెషీన్లలో నిజంగా బోర్డు పోయినవి చాలా తక్కువ. ఇక ఫార్మాట్ సంగతి. కీబోర్డు రాలేదని ఫార్మాట్ కొట్టించుకుని పిల్లల ఫొటోలు, ఇంజనీరింగ్ ఫైనలియర్ ప్రాజెక్టు మొత్తం పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. తర్వాత చూస్తే సమస్య ఒక చిన్న టిక్కు దగ్గర ఉంది. అందుకే కాస్త పొడుగైనా వివరంగా రాస్తున్నాను.

మీరు రాసినదాంట్లోనే పెద్ద ఆధారం ఉంది. కంట్రోలర్ చచ్చిపోయి ఉంటే బటన్ నొక్కి పట్టుకుని ఆపి ఆన్ చేసినంత మాత్రాన రోజంతా పనిచేయదు. మీ మెషీన్‌లో యూఎస్‌బీ బాగానే ఉంది, మొదలయ్యే పద్ధతిలో ఎక్కడో తప్పుతోంది. ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే ఏ దశలో తప్పుతోందో కనిపెట్టాలి. పోర్టు మార్చడం, డ్రైవర్ వేయడం, బోర్డు మీది బటన్ సెల్లు మార్చడం అన్నీ ఒకేసారి చేసేస్తే ఒకవేళ బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, వారం తర్వాత మళ్లీ వస్తే మొదటికే వస్తారు.

మనకు ఆన్ అవడం ఒక్క పనిలా కనిపిస్తుంది గానీ, ఆ కొద్ది సెకన్లలో మీ కీబోర్డు ముగ్గురి చేతులు మారుతుంది. మొదట కరెంటు. పోర్టుకు 5 వోల్టులు రావాలి. తర్వాత బయోస్, అంటే విండోస్ కంటే ముందు లేచే, బోర్డులోనే ఉండే చిన్న ప్రోగ్రాము. అది యూఎస్‌బీ కంట్రోలర్‌ను లేపి, ఏ పోర్టులో ఏముందో వాకబు చేసి, ప్రతి పరికరానికీ ఒక నంబరు ఇచ్చి, నువ్వెవరివి అని అడుగుతుంది. కీబోర్డు తన వివరం చెప్పాలి, దాన్నే డిస్క్రిప్టర్ అంటారు. ఆ తర్వాత విండోస్ లోడవుతూ కంట్రోలర్‌ను బయోస్ నుంచి తన చేతిలోకి తీసుకుని, ఈ వాకబు అంతా తన డ్రైవర్లతో (పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాములతో) మళ్లీ మొదటి నుంచి చేస్తుంది. ఈ మూడు చోట్లలో ఎక్కడ తెగినా మీకు లాగిన్ స్క్రీన్ దగ్గర కనిపించేది ఒకటే, కీ నొక్కితే పలకదు.

ఏ దశో తెలుసుకోవడానికి ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రేపు పొద్దున ఆన్ చేయగానే, లోగో కనపడుతున్నప్పుడే, నమ్‌లాక్ కీ రెండు మూడుసార్లు నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందా చూడండి. ఆ లైటును కీబోర్డు తనంతట తాను వెలిగించదు, కీ నొక్కిన సంగతి కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడి నుంచి లైటు వెలిగించు అని తిరిగి మాట వస్తేనే వెలుగుతుంది. కాబట్టి లైటు మారితే బయోస్, కీబోర్డు మాట్లాడుకుంటున్నాయని అర్థం. అక్కడే డిలీట్ గానీ ఎఫ్2 గానీ నొక్కి బయోస్‌లోకి వెళ్లగలిగితే కరెంటు, పోర్టు, వైరు, బయోస్ అన్నీ చాలావరకు పాసైనట్టే, తప్పు విండోస్ వైపు ఉంది. లోగో దగ్గర కూడా లైటు మారకపోతే తప్పు ఇంకా కింద, అంటే కరెంటులోనో బయోస్ సెట్టింగులోనో ఉంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మౌసు కింద ఎర్ర లైటు వెలుగుతోంది కదా, కనెక్షన్ బాగానే ఉందనుకుంటారు. ఆ లైటు 5 వోల్టులు వస్తున్నాయని మాత్రమే చెబుతుంది. యూఎస్‌బీ 2.0 వైరులో నాలుగు తీగలుంటాయి, రెండు కరెంటుకు, రెండు డేటాకు. డేటా తీగ తెగినా ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది.

మీ విషయంలో నా అనుమానం విండోస్ ఫాస్ట్ స్టార్టప్ మీద. 2012లో విండోస్ 8తో వచ్చిన ఏర్పాటు ఇది, చాలా మెషీన్లలో మనం అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. దీనివల్ల మీరు షట్‌డౌన్ నొక్కితే విండోస్ పూర్తిగా ఆగదు. మీ ప్రోగ్రాములు మూసి, మిమ్మల్ని లాగౌట్ చేసి, తన కెర్నెల్‌నీ (విండోస్ మూల భాగం) డ్రైవర్ల స్థితినీ హార్డ్‌డిస్క్ మీద ఒక ఫైల్‌లో దాచుకుని పడుకుంటుంది. పొద్దున ఆన్ చేస్తే కొత్తగా మొదలుపెట్టకుండా ఆ ఫైల్‌ను చదివి నిన్న ఆగిన చోటు నుంచి లేస్తుంది. త్వరగా లేస్తుంది, నిజమే. కానీ నిన్నటి స్థితితో లేచిన డ్రైవరు, రాత్రంతా ఆగి ఇప్పుడే కొత్తగా కరెంటు అందుకున్న కంట్రోలర్‌తో సరిగ్గా కలవాలి. చిప్‌సెట్ (బోర్డు మీది ముఖ్యమైన చిప్పు) పాత డ్రైవరో, అప్‌డేట్ కాని బయోసో ఉన్నచోట ఈ కలయిక తప్పుతుంది. రీస్టార్ట్ ఎప్పుడూ ఈ దారిలో వెళ్లదు, మొత్తం మొదటి నుంచి లోడవుతుంది. బటన్ నొక్కి పట్టుకుని ఆపినప్పుడూ అంతే, దాచుకోవడానికి విండోస్‌కు సమయం దొరకదు కాబట్టి తర్వాతిసారి పూర్తి బూటే జరుగుతుంది. అందుకే మీకు రెండోసారి అన్నీ పనిచేస్తున్నాయి.

ఇది ఊహ కాదని మీరే తేల్చుకోవచ్చు. ఇవాళ రాత్రి షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ క్లిక్ చేయండి, అప్పుడు విండోస్ నిజంగా పూర్తిగా ఆగుతుంది. రేపు పొద్దున అన్నీ పనిచేస్తే దొంగ దొరికినట్టే. మూడు రోజులు అలా చేసి, నాలుగో రోజు మామూలుగా షట్‌డౌన్ చేసి చూడండి, సమస్య తిరిగొస్తే ఇక సందేహమే అక్కర్లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. మామూలుగా షట్‌డౌన్ చేసి, మర్నాడు బటన్ నొక్కి ఆపకుండానే కీబోర్డు, మౌసు వచ్చిన పొద్దున టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర అప్ టైమ్ అనే అంకె చూడండి. ఇప్పుడే ఆన్ చేసిన మెషీన్ అక్కడ నిమిషాలకు బదులు గంటలో రోజులో చూపిస్తుంటే, అంతసేపుగా అది పూర్తిగా ఆగనే లేదని అర్థం. మీ ఊళ్లో కరెంటు పోతుంటుంది కదా, యూపీఎస్ లేకుండా మెషీన్ నడుస్తుండగా టప్పున ఆగిపోయిన రోజు, ఆ తర్వాత ఆన్ చేసినప్పుడు కీబోర్డు సరిగ్గా వచ్చిందా గుర్తు చేసుకోండి. వచ్చి ఉంటే అదీ ఇదే సాక్ష్యం.

తీసేయడం తేలిక. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, ఎడమ పక్క చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డూ, లోపల పైన చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అన్‌అవైలబుల్ అని నీలం రంగు లైను ఉంటుంది, అది నొక్కితేనే కింది టిక్కులు కదులుతాయి. టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్ దగ్గర టిక్ తీసి సేవ్ చేయండి. అక్కడ ఆ లైనే కనపడకపోతే మీ మెషీన్‌లో హైబర్నేషన్ (స్థితిని డిస్క్ మీద దాచుకుని ఆగే ఏర్పాటు) ఆఫ్‌లో ఉన్నట్టు, అప్పుడు నా అనుమానం తప్పు, కింద రాసినవి చూడాలి. ఎస్ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో ఇది తీసేస్తే ఆన్ అవడానికి పట్టే అదనపు సమయం కొద్ది సెకన్లే, నేను నా బల్ల మీదికి వచ్చే ప్రతి డెస్క్‌టాప్‌లో తీసేస్తాను. విండోస్ పెద్ద అప్‌డేట్ వేసుకున్నాక ఒకసారి తిరిగి చూసుకోండి, ఆ టిక్ మళ్లీ వచ్చి కూర్చున్న మెషీన్లు నేను చూశాను.

ఇదే పేరుకు దగ్గరగా బయోస్‌లో ఇంకొకటి ఉంటుంది, ఫాస్ట్ బూట్. రెండూ ఒకటే అనుకుని ఒకటి ఆఫ్ చేసి రెండోది వదిలేస్తారు. బయోస్ ఫాస్ట్ బూట్ అంటే బోర్డు తాను చేయాల్సిన వాకబును తగ్గించుకోవడం. కొన్ని బోర్డుల్లో దీని కిందే యూఎస్‌బీ సపోర్ట్ అని ఉండి, డిజేబుల్, పార్షియల్, ఫుల్ అని మూడు రకాలు ఇస్తాయి. డిజేబుల్‌లో ఉంటే విండోస్ వచ్చేదాకా బోర్డు యూఎస్‌బీ వైపు చూడనే చూడదు. అప్పుడు లోగో దగ్గర డిలీట్ ఎంత నొక్కినా పలకదు, జనం టెన్షన్ పడిపోయి బోర్డు పోయిందనుకుంటారు. విండోస్ లోపల కీబోర్డు పనిచేస్తుంటే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి, నీలం తెర వస్తుంది, అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్. అక్కడి నుంచి నేరుగా బయోస్‌లోకి వెళ్లిపోవచ్చు. ఫాస్ట్ బూట్ ఆఫ్ చేయండి, లేదా యూఎస్‌బీ సపోర్ట్ ఫుల్ పెట్టండి.

బయోస్‌లో ఉన్నప్పుడే ఇంకో రెండు చూడండి. లెగసీ యూఎస్‌బీ సపోర్ట్ ఎనేబుల్‌లో ఉండాలి. యూఎస్‌బీ అంటే తెలియని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లకు, బూట్ మెనూలకు యూఎస్‌బీ కీబోర్డును పాత పీఎస్/2 (గుండ్రటి పిన్ను రకం) కీబోర్డులా చూపించడం దాని పని. ఎక్స్‌హెచ్‌సీఐ హ్యాండ్-ఆఫ్ అని ఉంటే అదీ ఎనేబుల్‌లోనే ఉంచండి, యూఎస్‌బీ కంట్రోలర్ బయోస్ నుంచి విండోస్ చేతికి మారే ఘట్టం అని ఇందాక చెప్పింది అదే. ఒక హెచ్చరిక. ఉన్నది యూఎస్‌బీ కీబోర్డు ఒక్కటే అయినప్పుడు లెగసీ సపోర్ట్‌నో మొత్తం కంట్రోలర్‌నో ప్రయోగం కోసం డిజేబుల్ చేయకండి. సేవ్ చేశాక మళ్లీ బయోస్‌లోకి రావడానికే దారి ఉండదు. అలా ఇరుక్కుంటే సీమాస్ (బయోస్ సెట్టింగులు దాచే చోటు) క్లియర్ చేయాలి, అంటే గోడ స్విచ్ ఆపి, వైరు పీకి, బోర్డు మీద ఆ పేరుతో ఉన్న రెండు పిన్నులను పది సెకన్లు స్క్రూడ్రైవర్‌తో కలపాలి. పిన్నులు దొరక్కపోతే బటన్ సెల్లు తీసి ఐదు నిమిషాలు ఉంచి పెట్టాలి.

సెల్లు మాట వచ్చింది కాబట్టి, దాని పేరు సీఆర్2032, కొత్తది 3 వోల్టులు చూపించాలి. మనవాళ్లు రాత్రి గోడ స్విచ్ ఆపేస్తారు, మంచిదే, కానీ అప్పుడు బోర్డులో గడియారం నడపడానికీ సెట్టింగులు గుర్తుంచుకోవడానికీ ఆ సెల్లు ఒక్కటే దిక్కు. నాలుగేళ్ల మెషీన్ అంటే సెల్లు అయిపోయే వయసే. పొద్దున టైమ్, తేదీ తప్పుగా కనిపిస్తుంటే మీరు బయోస్‌లో పెట్టిన సెట్టింగులు రోజూ రాత్రి చెరిగిపోతున్నాయని అర్థం, నిన్న ఆఫ్ చేసిన ఫాస్ట్ బూట్ ఇవాళ మళ్లీ ఆన్ అవుతుంది. ముందు సెల్లు మార్చండి, తర్వాతే సెట్టింగులు.

కరెంటు సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే షాపుల్లో ఎక్కువగా వదిలేసేది ఇదే. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు 900 మిల్లీఆంపియర్లు ఇవ్వాలని లెక్క. బోర్డు మీద రెండేసి, నాలుగేసి పోర్టులకు కలిపి ఒక రక్షణ ఫ్యూజు ఉంటుంది. ఏ పరికరమైనా ఎక్కువ లాగితే అది వేడెక్కి దారి మూసేస్తుంది, చల్లారాక దానంతట అదే తెరుచుకుంటుంది. పది నిమిషాలు ఆగితే వస్తోంది అని ఎవరైనా చెబితే నేను మొదట అడిగేది, ఇంకా ఏమేం గుచ్చి ఉన్నాయి అని. కీబోర్డు, మౌసు తప్ప మిగతావన్నీ పీకేసి ఒక రోజు నడపండి. ప్రింటర్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్, వెబ్‌క్యామ్, ఫోన్ చార్జింగ్ కేబుల్, వైఫై డాంగిల్, అన్నీ. ఒక్క పాడైన పెన్‌డ్రైవ్ వల్ల బయోస్ వాకబు అక్కడే నిలిచిపోయి లోగో దాటని మెషీన్లు చాలా చూశాను.

ఒక మెడికల్ షాపు బిల్లింగ్ మెషీన్ గుర్తొస్తోంది, మీ కథకు బాగా దగ్గర. పొద్దున షాపు తెరిస్తే బార్‌కోడ్ స్కానర్ లేదు, కీబోర్డు లేదు, బయట మందుల కోసం జనం నిలబడి ఉంటారు. అప్పటికే ఒకసారి బోర్డు మార్పించారు, కొత్త బోర్డుతోనూ అదే వరస. నేను వెళ్లి రాత్రి మూసే వేళ దాకా కూర్చున్నాను. వాళ్లు సీపీయూ స్విచ్ ఆపారు, కానీ కీబోర్డు మీద లైటు మసకగా వెలుగుతూనే ఉంది. కారణం ఏమిటంటే, సొంత అడాప్టర్ ఉన్న ఒక యూఎస్‌బీ హబ్ వేరే ప్లగ్గులో ఉంది, దాన్ని ఎవరూ ఆపరు. చవక రకం హబ్, తన అడాప్టర్ కరెంటును వైరు గుండా వెనక్కి, అంటే బోర్డులోకి తోస్తోంది. బోర్డు పూర్తిగా ఆగితే కదా పొద్దున శుభ్రంగా మొదలవడానికి! రాత్రంతా అరకొర కరెంటులో వేలాడి, పొద్దున లేచేసరికి దాని యూఎస్‌బీ భాగం ఏ స్థితిలో ఉండేదో దానికే తెలియదు. హబ్ మార్చాం, కొత్త హబ్ అడాప్టర్‌ను కూడా సీపీయూ ఉన్న స్పైక్ బస్టర్‌లోనే పెట్టించాను. ఆ తర్వాత ఫోన్ రాలేదు. వాళ్లు బోర్డుకు పెట్టిన డబ్బు తలుచుకుంటే మాత్రం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ ప్రింటర్‌కు కూడా సొంత కరెంటు ఉంటుంది కాబట్టి దాని యూఎస్‌బీ వైరు ఒక రాత్రి తీసేసి పడుకుని చూడండి.

బోర్డులో నిలిచిపోయిన కరెంటు వదిలించడానికి ఒక పాత పద్ధతి ఉంది, ఖర్చు లేదు. గోడ స్విచ్ ఆపండి, సీపీయూ వెనక వైరు పీకండి, యూఎస్‌బీ అన్నీ తీయండి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి. ఇప్పుడు కీబోర్డు, మౌసు మాత్రమే పెట్టి ఆన్ చేయండి. ఇలా చేశాక ఒకసారి వచ్చి, రెండు రోజులకు మళ్లీ పోతే, ఎస్ఎంపీఎస్‌ను, అంటే క్యాబినెట్‌లో బోర్డుకు కరెంటు ఇచ్చే పెట్టెను అనుమానించాలి. మెషీన్ ఆఫ్‌లో ఉన్నా ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు ఒక ఊదా రంగు వైరు మీద 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. మల్టీమీటర్ ఉన్నవాళ్ల చేత ఊదాకూ నలుపుకూ మధ్య కొలిపించండి, 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. అంతకంటే తక్కువైతే, ముఖ్యంగా పొద్దున చల్లగా ఉన్నప్పుడు తక్కువై, కాసేపయ్యాక పెరిగితే, లోపల కెపాసిటర్లు ముసలివైపోయాయి. అప్పుడు మార్చాల్సింది ఎస్ఎంపీఎస్‌ను. బోర్డు జోలికి వెళ్లక్కర్లేదు. ఎస్ఎంపీఎస్ మూత మీరు విప్పకండి, వైరు పీకినా లోపల షాక్ కొట్టేంత చార్జి ఉంటుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మంటోందా? అయితే ఇంట్లో ఎర్తింగ్ లేదు, లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల దానిలో ఇరికించారు. దానివల్ల కూడా యూఎస్‌బీ పరికరాలు ఉన్నట్టుండి తెగిపోతాయి. ఇది కంప్యూటర్ కోసమే కాదు, మనిషి కోసం బాగుచేయించుకోవాల్సిన విషయం, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పోర్టులు కళ్లతో చూడండి, ఫోన్ టార్చి వేసి. బోర్డు బిగించేటప్పుడు వెనక సన్నటి రేకు ఒకటి పెడతారు, దానికి చిన్న నాలుకలుంటాయి. తొందరలో బిగిస్తే ఆ నాలుక ఒకటి యూఎస్‌బీ పోర్టు లోపలికి దూరిపోతుంది, కొత్త మెషీన్‌లోనే రెండు పోర్టులు చచ్చినట్టుంటాయి. సముద్రం దగ్గర ఊళ్లలో, కాకినాడ, విశాఖ వైపు, పోర్టుల లోపల పచ్చగా చిలుము పడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేస్తే చాలాసార్లు తిరిగొస్తాయి. ముందు వైపు పోర్టులను పరీక్షకు అసలు నమ్మకండి, అవి లోపల సన్నటి వైరు మీద బోర్డుకు వెళ్తాయి, అక్కడ ఒక పిన్ను వంగినా ఇదే గోల. పరీక్ష ఎప్పుడూ వెనక పోర్టుల్లో, అదీ నల్ల రంగు 2.0 పోర్టు ఉంటే దానిలో. దీనికి కారణం ఉంది. హెచ్61 అనే పాత ఇంటెల్ చిప్‌సెట్ లాంటివి ఉన్న బోర్డులు మన దగ్గర ఇంకా బోలెడు నడుస్తున్నాయి, ఆ చిప్‌సెట్‌లో యూఎస్‌బీ 3.0 లేదు, నీలం పోర్టు ఉంటే అది వేరే కంపెనీ చిప్పు పక్కన అతికించి ఇచ్చినది. దానికి డ్రైవరు పడేదాకా ఆ నీలం పోర్టు విండోస్ 7లో లేనట్టే.

విండోస్ 7 అంటే ఇంకో సంగతి. 2015లో ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్‌లు వచ్చినప్పుడు పాత యూఎస్‌బీ 2.0 కంట్రోలర్‌ను తీసేశారు. విండోస్ 7 డీవీడీలో కొత్త దాని డ్రైవరు లేదు. దాంతో బయోస్‌లో కీబోర్డు చక్కగా పనిచేస్తుంది, ఇన్‌స్టాలేషన్ మొదలై భాష ఎంచుకోమనే తెర రాగానే కీబోర్డూ మౌసూ రెండూ మొద్దుబారిపోతాయి. పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ కోసం ఇప్పటికీ విండోస్ 7 వేయమనేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను, అది బోర్డు తప్పు కాదు. ఆ డ్రైవర్లు కలిపిన ఇన్‌స్టాలర్ తయారుచేసుకోవాలి, లేదా గుండ్రటి పీఎస్/2 పోర్టు ఉంటే దానిలో పాత కీబోర్డు పెట్టి పని కానివ్వాలి. పీఎస్/2 మాత్రం మెషీన్ ఆఫ్‌లో ఉన్నప్పుడే గుచ్చండి, నడుస్తుండగా గుచ్చడానికి అది చేసింది కాదు.

ఇక విండోస్ వైపు మిగిలినవి. డివైస్ మేనేజర్‌లో యూనివర్సల్ సీరియల్ బస్ కంట్రోలర్స్ తెరవండి. పసుపు గుర్తుతో అన్‌నోన్ యూఎస్‌బీ డివైస్, డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్ అని, కోడ్ 43 అని ఉంటే, విండోస్ నువ్వెవరివి అని అడిగింది, పరికరం సరిగ్గా జవాబివ్వలేదు అన్నమాట. అదే పరికరాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టండి, అక్కడా అంతే అయితే పరికరమో వైరో పోయింది. అలా కాకపోతే ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, అందులో కరెంటు ఆదా కోసం ఈ డివైస్‌ను ఆపనివ్వు అనే అర్థం వచ్చే టిక్ తీసేయండి. తర్వాత బోర్డు కంపెనీ సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవరు, బయోస్ అప్‌డేట్ చూడండి. డ్రైవర్ బూస్టర్ లాంటివి, ఎక్కడో దొరికే డ్రైవర్ ప్యాకులు వద్దు. మీది ఏఎండీ 500 సిరీస్ బోర్డు అయితే బయోస్ అప్‌డేట్ తప్పకుండా చూడాలి, 2021లో ఆ బోర్డుల్లో యూఎస్‌బీ మధ్యమధ్యలో తెగిపోవడం ఏఎండీయే ఒప్పుకుని, బయోస్‌లో కలిసే అజీసా 1.2.0.2 అనే తన కోడ్‌తో సరిచేసింది. నాలుగేళ్ల కింద కొన్నారంటే ఆ బోర్డు షాపులో పాత బయోస్‌తోనే ఉండి ఉండవచ్చు. బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడు యూపీఎస్ తప్పనిసరి, మధ్యలో కరెంటు పోతే అప్పుడు నిజంగానే బోర్డు పోతుంది.

విండోస్ 11కు మారిన మీ స్నేహితులకు పనికొచ్చే మాట. 2025 అక్టోబర్ 14న వచ్చిన కేబీ5066835 అప్‌డేట్ తర్వాత, విండోస్‌లో కీబోర్డు, మౌసు బాగానే పనిచేస్తూ, నీలం రంగు రికవరీ తెరలో మాత్రం పనిచేయడం మానేశాయి. మెషీన్ బాగుచేసుకోవడానికి వెళ్లే చోటే చేతులు కట్టేసినట్టయింది. మైక్రోసాఫ్ట్ అదే నెల 20న కేబీ5070773తో సరిచేసింది. ఇందాక నేను చెప్పిన షిఫ్ట్, రీస్టార్ట్ దారి ఎవరికైనా పనిచేయకపోతే ముందు అప్‌డేట్లు పూర్తిగా పడ్డాయా చూసుకోవాలి.

విండోస్‌కు బదులు వాడే ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటే, ఒక పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే, బూట్ చేసి చూడటం చాలా మంచి పరీక్ష, హార్డ్‌డిస్క్ మీద ఏమీ మారదు. అందులో నాలుగైదు పొద్దుటిపూటలు కీబోర్డు ఒక్కసారి కూడా తప్పకుండా వస్తే విండోస్‌దే తప్పు, ఫార్మాట్ కొట్టకుండానే తేలిపోతుంది.

వైర్‌లెస్ వాడుతుంటే పరీక్షకు పక్కన పెట్టండి. బ్లూటూత్ కీబోర్డు సాధారణంగా విండోస్ లేచేదాకా పలకదు. డాంగిల్ రకం 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, పక్క పోర్టులో యూఎస్‌బీ 3.0 హార్డ్‌డిస్క్ ఉంటే దాని రొద అదే పౌనఃపున్యం మీద పడుతుంది, డాంగిల్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో దూరంగా పెట్టాలి. రంగురంగుల లైట్ల గేమింగ్ కీబోర్డులు కొన్ని బయోస్‌కు అర్థమయ్యే సాదా పద్ధతిలో మాట్లాడవు, కొన్నింటికి దానికోసమే ఒక స్విచ్ ఉంటుంది. పక్కింట్లో అడిగైనా ఒక మామూలు వైరు కీబోర్డు తెచ్చి చూడండి.

బోర్డు నిజంగా పోయిందని నేను ఎప్పుడు ఒప్పుకుంటానంటే, సీమాస్ క్లియర్ చేసి, కొత్త సెల్లు వేసి, ఇంకో మంచి ఎస్ఎంపీఎస్ తగిలించి, సాదా కీబోర్డు ఒక్కటే పెట్టినా, ఏ వెనక పోర్టులోనూ లోగో దగ్గర నమ్‌లాక్ వెలగనప్పుడు. లేదా చిప్‌సెట్ ముట్టుకోలేనంతగా కాలుతున్నప్పుడు. అప్పుడు కూడా విండోస్ మామూలుగా లేస్తుంటే, బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో (అదనపు కార్డులు పెట్టే గాడిలో) పెట్టే యూఎస్‌బీ కార్డు ఒకటి కొని కొన్నేళ్లు నడుపుకోవచ్చు, ధర బోర్డులో చిన్న వంతు. కొన్ని పాత బోర్డుల్లో ఆ కార్డు మీది కీబోర్డు బయోస్‌లో పనిచేయదు, విండోస్ వచ్చాకే పనిచేస్తుంది.

మీరు మాత్రం ఇవాళ రాత్రి షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ ఒక్కటే చేయండి, మిగతావేవీ ముట్టుకోకండి. రేపు పొద్దున లోగో దగ్గర నమ్‌లాక్ మారిందా, లాగిన్ దగ్గర కీబోర్డు వచ్చిందా, అప్ టైమ్ ఎంత చూపించింది, తేదీ సరిగ్గా ఉందా, ఈ నాలుగూ బోర్డు మోడల్ పేరుతో సహా రాయండి. అవి చూశాక తర్వాత ఏం చేయాలో చెబుతాను.